ఈ వంటకి ఒక్క మెతుకు చాలదు!

కారం ఎక్కువైతే నాలుకకి తెలుస్తుంది. ఉప్పు తక్కువైతే తొలి ముద్దలోనే తెలిసిపోతుంది. మరి మిఠాయిలో గంజాయి ఎంత కలిసిందో? అది రుచికి అందదు, కంటికి కనపడదు. తెలిసేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. ఇంట్లో తయారైన ఇలాంటి తినుబండారాల్లో మత్తు ఎంతుందో లెక్కగట్టడం సాధ్యమేనా? కాగితం మీద లెక్క సులువే. కష్టమంతా కాగితం దాటాకే!

* * *

2014 మార్చి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం. గంజాయిని దుకాణాల్లో బాహాటంగా అమ్ముకోవచ్చని అక్కడి ప్రభుత్వం అనుమతిచ్చి అప్పటికి మూడు నెలలే అయింది. పొరుగు రాష్ట్రం నుంచి మిత్రులతో కలిసి డెన్వర్ చూడ్డానికి వచ్చిన ఓ 19 ఏళ్ల విద్యార్థి గంజాయి కలిపిన కుకీని చేతిలోకి తీసుకున్నాడు. అది మామూలు బిస్కెట్టంతే ఉంది. ‘దీన్ని ఆరు ముక్కలు చేసుకోండి. ఒక్కసారికి ఒక్క ముక్కే తినండి’ అని అమ్మినవాళ్లు చెప్పారు. అతను అలాగే ఒక ముక్క తిన్నాడు. అరగంట గడిచింది... గంట కావస్తోంది. ఏమీ కాలేదు. ‘ఇందులో ఏమీ లేదు’ అనుకుని మిగిలిందంతా తినేశాడు.

తర్వాత రెండు గంటల్లో మాట తడబడింది. ప్రవర్తన మారిపోయింది. మొదటి ముక్క తిన్న మూడున్నర గంటలకు హోటల్ నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకేశాడు. ప్రాణం దక్కలేదు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2015లో ఈ ఘటనను తన వారపత్రికలో వివరంగా ప్రచురించింది. ఆ కుకీ మొత్తంలో ఉన్న మత్తు పదార్థం 65 మిల్లీగ్రాములు. పది మిల్లీగ్రాములు ఒక వాటా అనుకుంటే ఆరున్నర వాటాలు. ఆ సంగతి పొట్లం మీద రాసే ఉంది. నోటితో చెప్పారు కూడా. అయినా ఘోరం జరిగిపోయింది.

లెక్క రాసి ఉన్న కుకీ సంగతే ఇలా ఉంటే... ఏ లెక్కా లేకుండా ఇంటి పొయ్యి మీద తయారైన లడ్డూ, బ్రౌనీ, హల్వా సంగతేంటి?

కాకిలెక్క ఇలా మొదలవుతుంది

గంజాయిలో మత్తునిచ్చే ప్రధాన రసాయనం పేరు టీహెచ్‌సీ. అమెరికా, కెనడాల్లో దుకాణంలో కొన్న గంజాయి డబ్బా మీద అది ఎంత శాతం ఉందో రాసి ఉంటుంది. ఇంట్లో వండేవాళ్ల లెక్కకు అదే పునాది. సరుకు బరువును ఆ శాతంతో హెచ్చవేసి, వచ్చినదాన్ని ముక్కల సంఖ్యతో భాగిస్తారు. అయిదో తరగతి పిల్లాడైనా చేసే లెక్క. కానీ ఆ లెక్కలోని ఒక్కో అంకె వెనకా ఒక్కో మెలిక ఉంది.

మొదటి మెలిక... పచ్చి మొక్కలో టీహెచ్‌సీ అసలు టీహెచ్‌సీ రూపంలో ఉండదు. మత్తునివ్వని ఒక ఆమ్లం రూపంలో ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ ఆమ్లం కొంత భాగాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేసి టీహెచ్‌సీగా మారుతుంది. ఆ మార్పులో బరువు తగ్గుతుంది. వంద పాళ్ల ఆమ్లం నుంచి మహా అయితే 88 పాళ్లు వస్తుంది. వేడి చాలకపోతే కొంత ఆమ్లం ఆమ్లంగానే మిగిలిపోతుంది. ఎక్కువైతే తయారైన టీహెచ్‌సీ కూడా పాడైపోతుంది. ఇంటి పొయ్యి మంట ఈరోజు ఉన్నట్టు రేపుండదు కదా!

రెండో మెలిక... టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ఇలాంటి వంటలన్నిటికీ వెన్నో, నెయ్యో, నూనో తోడవుతుంది. ఆకులోంచి కొవ్వులోకి ఎంత దిగింది? వడకట్టి పారేసిన పిప్పిలో ఎంత ఉండిపోయింది? సగం దిగిందా, ముప్పావు వంతు దిగిందా? కంటితో చూసి చెప్పగలిగేవాళ్లు లేరు.

మూడో మెలిక... అసలు ఆ శాతమే సరైనదా? ఒకే మొక్కలో పై కొమ్మ పూతకూ కింది కొమ్మ పూతకూ తేడా ఉంటుంది. నెలల తరబడి నిల్వ ఉంటే బలం తగ్గుతుంది. డబ్బా మీది అంకె ఒక నమూనాది. చేతిలో ఉన్నది ఇంకో ముక్క.

ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో ఓ ఉదాహరణ చూడండి. ఒకరి దగ్గరున్న సరుకు అయిదు గ్రాములు అనుకుందాం. బలం 10 నుంచి 20 శాతం మధ్య ఉండొచ్చని అంచనా. ఆమ్లం తరుగు పోగా మిగిలేది తక్కువలో తక్కువ 440 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 880. వెన్నలోకి సగమే దిగితే తక్కువ అంకె 220కి పడిపోతుంది. మొత్తం దిగితే ఎక్కువ అంకె 880 దగ్గరే ఉంటుంది. దాన్ని 40 ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో అయిదున్నర మిల్లీగ్రాములు ఉండొచ్చు... 22 ఉండొచ్చు. అంటే అటూ ఇటూ నాలుగు రెట్ల తేడా! మాత్ర ఒకటి వేసుకోవాలో నాలుగు వేసుకోవాలో తెలియకుండా మందు మింగినట్టే.

ఈ లెక్క చెప్పేది ఒక్కటే... ముక్కలో ఇంతకు మించి ఉండకపోవచ్చని. ఇంతే ఉందని మాత్రం చెప్పదు. ‘మించి ఉండకపోవచ్చు’ అన్నమాటకు కూడా హామీ లేదు. అందుకు కారణం నాలుగో మెలిక.

జీడిపప్పు ఎవరికి దొరికింది?

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు. గిన్నెలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కాబట్టి అది చెల్లింది. పాయసంలో జీడిపప్పు సంగతి అలా కాదు. ఒకరి గిన్నెలో ఆరు పలుకులు, ఇంకొకరి గిన్నెలో ఒక్కటీ ఉండదు. వండినవాళ్లు మాత్రం అందరికీ సమానంగానే వేశామంటారు!

గంజాయి కలిపిన తినుబండారాలది జీడిపప్పు కథే. వెన్న పిండిలో సమంగా కలవకపోతే పళ్లెంలో ఒక మూల ముక్క ఖాళీగా ఉంటుంది, దాని పక్క ముక్కలో రెండు ముక్కల మత్తు చేరుతుంది. ‘నిన్న ఒకటి తిన్నాను, ఏమీ కాలేదు. ఇవాళ రెండు తిందాం’ అనుకున్నవాడికి ఆ మూల ముక్క తగిలితే అంతే సంగతులు.

మరి ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే? మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే యంత్రాలున్నాయి. వాటి లెక్క మిల్లీగ్రాముల దాకా నమ్మదగినదే. కానీ పరీక్షకు ఇచ్చిన ముక్కను యంత్రం తినేస్తుంది. మనిషి తినేది ఇంకో ముక్కని. పళ్లెం అంతా సమంగా కలిసిందని తేలితే తప్ప ఒక ముక్క ఫలితం రెండో ముక్కకు వర్తించదు.

కంపెనీలే ఈ విషయంలో తడబడ్డాయి. అమెరికాలో మూడు నగరాల వైద్య గంజాయి దుకాణాల నుంచి 75 రకాల తినుబండారాలు కొని పరీక్షించిన పరిశోధకులు 2015లో ‘జామా’ వైద్యపత్రికలో ఫలితాలు ప్రచురించారు. చీటీ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ సరిపోలినవి 17 శాతమే. 60 శాతం వాటిల్లో రాసినదానికన్నా తక్కువ ఉంది. మిగిలిన 23 శాతంలో రాసినదానికన్నా ఎక్కువ ఉంది. తక్కువుంటే డబ్బు దండగ. ఎక్కువుంటే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద పెద్ద మిక్సర్లు, తూకాలు ఉన్న ఫ్యాక్టరీల పరిస్థితే అది. గరిటెతో కలిపే వంటింట్లో సమపాళ్ల మాటెక్కడ?

ఆకుకి చీటీ ఉండదు

అమెరికా వంటింట్లో కనీసం ఒక శాతం అంకె అయినా ఉంటుంది. కాశీలోనో మధురలోనో హోలీకి నూరే భంగుకు అదీ లేదు. మొక్క ఒకటే, సరుకు మూడు రకాలు. ఆకులతో చేసేది భంగు. ఆడమొక్క పూత గంజాయి. జిగురును పోగేస్తే చరస్. బలంలో ఒకదానికన్నా ఒకటి ఎక్కువ. ఆకుల మధ్య నాలుగు పూత రెబ్బలు కలిసినా ఉండ బలం మారిపోతుంది. రుబ్బి ముద్ద చేశాక అందులో ఆకెంతో పూతెంతో నూరినవాళ్లే చెప్పలేరు. ఏటా అదే దుకాణంలో కొన్నా, అదే చెయ్యి నూరినా పోయినేటి ఉండకూ ఈ ఏటి ఉండకూ పోలిక ఉండాలని లేదు.

‘మా తాతల కాలం నుంచీ తాగుతున్నారు, ఏమైంది?’ అనే మాట ఇక్కడే దెబ్బతింటుంది. తాతల నాటి మొక్క వేరు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయి నమూనాలను మిసిసిపీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పరీక్షిస్తోంది. 1995లో వాటిలో టీహెచ్‌సీ సగటున 4 శాతం ఉండేది. 2014 నాటికి 12 శాతానికి చేరింది. ఇరవై ఏళ్లలో మూడు రెట్లు! పాత పద్ధతిలో ‘చిటికెడు’ అన్నది కొత్త మొక్కతో మూడు చిటికెలవుతుంది.

మూడు మంచాలు... మూడు కథలు

అంకె కచ్చితంగా తెలిసినా సమస్య తీరదు. ఎందుకంటే ఒంటి లెక్క వేరు. ఈ సంగతి మన కలకత్తాలోనూ బయటపడింది.

అక్కడి వైద్య కళాశాలలో విలియం బ్రూక్ ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు ఉండేవాడు. తర్వాతి కాలంలో మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించింది ఆయనే. బజారులో అమ్మే భంగు మిఠాయి ‘మాజూన్’ను ఎలా చేస్తారో కూడా ఆయన రాసిపెట్టాడు. 1838 నవంబరు 6న మధ్యాహ్నం రెండు గంటలకు కీళ్లవాతంతో బాధపడుతున్న ముగ్గురు రోగులకు గంజాయి జిగురును కరిగించి ఒక్కో గ్రెయిన్ చొప్పున ఇచ్చాడు. అంటే దాదాపు 65 మిల్లీగ్రాముల జిగురు. ఒకే సీసా, ఒకే మోతాదు, ఒకే సమయం.

ఒకతను తెగ మాట్లాడాడు, పాటలు పాడాడు, అన్నం ఇంకా పెట్టమని కేకలేశాడు. రాత్రి ఎనిమిదింటికి ఒంటి మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. చెయ్యి పైకెత్తితే ఎత్తినట్టే ఉండిపోయింది. రెండో అతనికీ మత్తు ఎక్కింది. మూడో అతనికి ఏమీ కాలేదు! ఆరా తీస్తే అతను రోజూ గంజాయి పీల్చే అలవాటున్నవాడని తేలింది.

ఓషానెసీ పరిశోధనల తర్వాత గంజాయి సారం పాశ్చాత్య వైద్యంలోకి వెళ్లింది. అమెరికా ఔషధ గ్రంథంలోనూ చోటు సంపాదించింది. వైద్యులకు మాత్రం మొదటి నుంచీ ఒకటే తలనొప్పి... ఒక సీసా పనిచేయదు, ఇంకో సీసా మనిషిని పడగొడుతుంది. అందులో మత్తునిచ్చేది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని కొలిచేదెలా? మందుల కంపెనీలు విచిత్రమైన దారి వెతికాయి. మందును కుక్కలకు తాగించేవారు. అవి ఎంతసేపటికి తూలుతున్నాయో, నిలబడలేక ఎలా ఊగుతున్నాయో చూసి సీసా బలం నిర్ణయించేవారు. 20వ శతాబ్ది తొలినాళ్లలో అదే ప్రామాణిక పరీక్ష! చివరికి 1942లో ఆ మందు అమెరికా ఔషధ గ్రంథం నుంచి తప్పుకుంది.

ప్రొఫెసర్‌గారింట్లో కేకు

మత్తుకు కారణమైన టీహెచ్‌సీని విడిగా తీసి దాని నిర్మాణాన్ని తేల్చింది 1964లో. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థకు చెందిన రాఫెల్ మెకూలమ్, యెహియెల్ గావోనీ ఆ పని చేశారు. పరిశోధనకు కావాల్సిన సరుకు కోసం మెకూలమ్ పోలీసుల దగ్గరికే వెళ్లాడు. వాళ్లు పట్టుకున్న హషీష్‌లో అయిదు కిలోలు అడిగి తీసుకుని, సంచిలో పెట్టుకుని బస్సులో ప్రయాణించాడు. బస్సంతా ఏదో వాసన వేస్తోందని తోటి ప్రయాణికులు అనుకున్నారట!

ఆ తర్వాత ఆయన చేసిన ఇంకో పని ఈ కథకు ప్రాణం. ఆయన భార్య కేకు చేసింది. మిత్రులు పదిమంది వచ్చారు. వాళ్లెవరూ అంతకుముందు గంజాయి ముట్టినవాళ్లు కారు. అయిదుగురికి మామూలు కేకు. మిగతా అయిదుగురి ముక్కల్లో ఒక్కోదాంట్లో సరిగ్గా 10 మిల్లీగ్రాముల శుద్ధమైన టీహెచ్‌సీ. ఇంట్లో తయారైన గంజాయి తినుబండారాల్లో అంత కచ్చితమైన కొలత ఇంకోటి ఉండదేమో. పొయ్యి మంట తేడా, పిప్పిలో మిగిలింది, మూల ముక్క... ఏ మెలికా లేదు.

ఫలితం? ఒకరు ‘నాకేమీ కాలేదు’ అంటూనే నోరు మూయకుండా మాట్లాడారు. ఒకరు కాసేపటికోసారి నవ్వుతూనే ఉన్నారు. ఒకరిని భయం పట్టుకుంది. కలకత్తాలో మూడు మంచాల మీద కనిపించిందే ప్రొఫెసర్‌గారింట్లోనూ కనిపించింది. ముక్క బలం తెలిసినా మనిషి సంగతి తెలియదు.

‘ఏమీ కాలేదే’ అన్నదే గండం

పొగ పీల్చినప్పుడు టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. తింటే అలా కాదు. కడుపులోకి, పేగుల్లోకి, అక్కడి నుంచి కాలేయానికి వెళ్లాలి. ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. పతాకస్థాయికి చేరేసరికి రెండు నుంచి నాలుగు గంటలు. దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఖాళీ కడుపుతో తిన్నారా, నెయ్యి ఓడే భోజనం చేశాక తిన్నారా అన్నదాన్ని బట్టి ఈ సమయాలు మారతాయి, రక్తంలోకి చేరే పరిమాణమూ మారుతుంది.

పైగా కాలేయం టీహెచ్‌సీలో కొంత భాగాన్ని ఇంకో రూపంలోకి మారుస్తుంది. ఆ కొత్త రూపం కూడా మెదడు మీద గట్టిగా పనిచేసేదే. పొగ పీల్చినప్పుడు అది తక్కువగా, తిన్నప్పుడు ఎక్కువగా తయారవుతుంది. ‘పీల్చడం నాకు అలవాటే, తింటే ఏమవుతుంది?’ అనుకున్నవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

డెన్వర్‌లో ప్రాణం తీసింది ఈ ఆలస్యమే. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు మోరీన్ డౌడ్ కూడా డెన్వర్‌లో గంజాయి చాక్లెట్ కొరికి చూసింది. ఏమీ కాలేదని ఇంకాస్త తింది. ఆ తర్వాత ఎనిమిది గంటలు హోటల్ గదిలో వణుకుతూ పడి ఉన్నానని, ఒక దశలో చచ్చిపోయాననే అనుకున్నానని తన కాలమ్‌లో రాసుకుంది. అలవాటు లేనివాళ్లు ఆ చాక్లెట్‌ను 16 ముక్కలు చేసుకోవాలని ఆమెకు తర్వాత ఎవరో చెప్పారు. చేతులు కాలాక ఆకులు!

డాక్టర్లు ఇచ్చే మోతాదు చూస్తే తేడా అర్థమవుతుంది. క్యాన్సర్ రోగుల్లో కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులు తగ్గించడానికి టీహెచ్‌సీని ప్రయోగశాలలో తయారుచేసి, నువ్వుల నూనెలో కరిగించి గొట్టం మాత్రలుగా అమ్మడానికి 1985లో అమెరికా అనుమతిచ్చింది. ఆ మాత్రల్లో అతి చిన్నది రెండున్నర మిల్లీగ్రాములు. పైన చెప్పుకున్న వంటింటి ముక్క ఎక్కువ అంకె 22. అంటే దాదాపు తొమ్మిది చిన్న మాత్రలు ఒక్క ముక్కలో!

చట్టం గీసిన గీతలు

దెబ్బ తగిలాకే దారి తెలిసింది. 2015 ఫిబ్రవరి నుంచి కొలరాడోలో ఒక్కో వాటాకు 10 మిల్లీగ్రాములు, మొత్తం పొట్లానికి 100 మిల్లీగ్రాములు మించకూడదన్న నిబంధనకు తోడు వాటాలను విడివిడిగా చేయాలని, లేదంటే గీతలైనా కనిపించాలని పట్టుబట్టారు. తర్వాత ప్రతి ముక్క మీదా హెచ్చరిక గుర్తు తప్పనిసరి అయింది. 2017లో జంతువులు, పండ్లు, మనుషుల ఆకారంలో గమ్మీలు చేయడాన్ని నిషేధించారు. కెనడా ఇంకా గట్టిగా ఉంది. 2019 అక్టోబరులో తినుబండారాలకు అనుమతిస్తూ పొట్లం మొత్తానికే 10 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. పరిశోధకులందరూ ఒకే కొలబద్ద వాడాలని అమెరికా జాతీయ మాదకద్రవ్యాల పరిశోధన సంస్థ 2021లో 5 మిల్లీగ్రాములను ఒక ‘ప్రామాణిక యూనిట్’గా ప్రకటించింది.

ఈ గీతలన్నీ దుకాణం గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఇంటి పొయ్యి మీద వండినదానికి గీతలుండవు, గుర్తులుండవు. చూడ్డానికి అది అచ్చంగా లడ్డూయే. ఈ పోలికకు మూల్యం చెల్లిస్తున్నది పిల్లలు.

పిల్లలకి అది మిఠాయే

అమెరికాలోని విష సమాచార కేంద్రాలకు అందిన కేసుల లెక్కలను ‘పీడియాట్రిక్స్’ వైద్యపత్రిక 2023లో ప్రచురించింది. ఆరేళ్లలోపు పిల్లలు గంజాయి తినుబండారాలు నోట్లో పెట్టుకున్న ఘటనలు 2017లో 207. 2021లో 3,054. నాలుగేళ్లలో దాదాపు 15 రెట్లు! వారిలో సగానికిపైగా రెండు మూడేళ్ల పసివాళ్లు. నూటికి తొంభైకిపైగా ఇంట్లోనే జరిగాయి. ఐదో వంతుకు పైగా పిల్లలను ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వచ్చింది.

పెద్దవాళ్లు ఆలోచించే ‘ముక్కకింత’ అన్న లెక్క పిల్లలకు తెలియదు. తియ్యగా ఉంటే డబ్బా ఖాళీ చేస్తారు. పన్నెండు కిలోల బిడ్డకు అరవై కిలోల మనిషి మోతాదు అయిదు రెట్లతో సమానం. పిల్లల్లో కనిపించేది నవ్వులు, కేరింతలు కాదు. లేపినా లేవనంత నిద్ర, తూలడం, వాంతులు, గుండె వేగంలో మార్పు. కొందరిలో ఊపిరి నెమ్మదించి వెంటిలేటర్ దాకా వెళ్లిన కేసులూ ఉన్నాయి.

మన చట్టం దేన్ని తూస్తుంది?

‘అదంతా అమెరికా గొడవ, మనకెందుకు?’ అనుకోవడానికి లేదు. 2024లో హైదరాబాద్ శివార్లలో గంజాయి కలిపిన చాక్లెట్లను పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. పై చదువులకు అమెరికా, కెనడా వెళ్లిన మన పిల్లలు ఉండే అపార్ట్‌మెంట్లలో, పార్టీల్లో బ్రౌనీ పళ్లెం చేతులు మారడం వింతేమీ కాదు. అక్కడ చాలా రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం సరదా వాడకాన్ని ఒప్పుకోదు. వీసా మీద ఉన్నవాళ్ల చదువుకూ ఉద్యోగానికీ అది ముప్పే.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం గంజాయినీ, చరస్‌నూ, వాటితో చేసిన మిశ్రమాలనూ నిషేధించింది. పూత కలవని ఆకు మాత్రం ఆ చట్టం నిర్వచనంలోకి రాదు. భంగును రాష్ట్రాలు తమ ఎక్సైజ్ చట్టాలతో నియంత్రిస్తాయి. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో అనుమతి ఉన్న భంగు దుకాణాలు కనిపిస్తాయి. కానీ ముద్దలో పూత కలిసిందా లేదా అన్నది తినేవాడికి తెలియదు. తేల్చేది ఫోరెన్సిక్ ల్యాబ్.

ఇక్కడో విశేషం ఉంది. మత్తు పదార్థాన్ని ఇంకోదానితో కలిపినప్పుడు దేన్ని తూకం వేయాలి? మత్తునా, మొత్తాన్నా? 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది... కలిపిన పదార్థం బరువునూ కలుపుకొనే లెక్కించాలని. అంటే తినేవాడు మిల్లీగ్రాములు లెక్కేసుకుంటుంటే, చట్టం పిండీ పంచదారతో సహా తూచవచ్చన్నమాట!

అంచనా అంటే ఇదే

మళ్లీ మొదటి ప్రశ్నకే వద్దాం. ఇంట్లో చేసిన ముక్కలో మత్తెంతో లెక్కగట్టొచ్చా? సరుకు శాతం తెలిస్తే, వేడి కుదిరితే, పిప్పిలో ఏమీ మిగలకపోతే, పిండిలో సమంగా కలిస్తే... ఒక అంకె వస్తుంది. అందులో ఇన్ని ‘తే’లు ఉన్నాయి. ఆ అంకె సరైనదే అయినా కడుపు ఒప్పుకోవాలి, కాలేయం ఒప్పుకోవాలి, అలవాటు ఉండాలి, వయసు ఉండాలి. కలకత్తా వైద్యుడికి జిగురు బరువు తెలుసు, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తకు చివరి మిల్లీగ్రాము దాకా తెలుసు. అవతల మనిషి ఏమవుతాడో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

ఎవరైనా పళ్లెం ముందుకు తోసి ‘ఏం పర్లేదు, తక్కువే వేశాం’ అంటే... అది కొలిచి చెప్పిన మాట కాదు. వాళ్లకు అలా అనిపించిందంతే.

* * *

పొరపాటున తింటే...

* పిల్లలు తిన్నారని అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకు విష సమాచార కేంద్రం నంబరు 1-800-222-1222.

* ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు... డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మిగిలిన ముక్క, పొట్లం ఉంటే వెంట తీసుకెళ్లాలి. పరువు పోతుందని దాస్తే, కారణం తెలియక బిడ్డకు అక్కర్లేని పరీక్షలన్నీ చేయాల్సి వస్తుంది.

* బలవంతంగా వాంతి చేయించకూడదు. మత్తులో ఉన్నవారి నోట్లో నిమ్మరసం, మజ్జిగ, కాఫీ పోయడం ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. స్పృహ తగ్గితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

* పెద్దవాళ్లయినా ఒంటరిగా వదలకూడదు. బాల్కనీలు, మెట్లు, వాహనాలకు దూరంగా ఉంచాలి. భయం, గుండెదడ వస్తే పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాలి. ఛాతీనొప్పి, ఫిట్స్, లేపినా లేవకపోవడం, ఊపిరి అందకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికే.

* ‘ఇంకా ఎక్కలేదు’ అని రెండో ముక్క తినడమే చాలా ప్రమాదాలకు మూలం. మద్యంతో కలిస్తే మత్తు మరింత ముదురుతుంది. గర్భిణులకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

* అలవాటు నుంచి బయటపడాలనుకునేవాళ్లు, వాళ్ల కుటుంబాలు జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446ను సంప్రదించవచ్చు.